జర్మన్ షెపర్డ్‌కి మూతికి తొడిగే మజిల్ పెట్టాల్సిందే అంటోంది అసోసియేషన్. మావాడు ఇంతవరకు ఎవరినీ కరవలేదు, ఏం చేయమంటారు?

మియాపూర్_బ్రూనో:

అందరికీ నమస్తే. విషయం కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మాది మియాపూర్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, నలభై ఫ్లాట్లు, ఉన్నది ఒకటే లిఫ్ట్. మేం మూడో అంతస్తులో ఉంటాం. మా బ్రూనో జర్మన్ షెపర్డ్, మగ, పదకొండు నెలలు, బరువు 36 కిలోలు. నలభై అయిదు రోజుల పిల్లప్పుడు తెచ్చుకున్నాం. టీకాలన్నీ పూర్తయ్యేదాకా గడప దాటించొద్దని అమ్మినాయన గట్టిగా చెప్పాడు, సరేనని నాలుగు నెలలు నిండేవరకు ఇంట్లోనే ఉంచాం. ఇంట్లో మాత్రం బంగారం అండీ. అమ్మ పూజ చేసుకుంటుంటే గుమ్మం బయట పడుకుని హారతి అయ్యేదాకా కదలడు, మా అక్క కూతురు చెవులు పట్టుకుని లాగినా ఊరుకుంటాడు.

తంటా అంతా గడప దాటాకే. నేను గచ్చిబౌలిలో పని ముగించుకుని ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది కాబట్టి పొద్దున, సాయంత్రం నాన్నే కిందికి తీసుకెళ్తారు, ఆయనకి అరవై నాలుగు. సెల్లార్‌లో ఎవరైనా హెల్మెట్ పెట్టుకుని కనిపించినా, భుజాన పెద్ద బ్యాగు ఉన్నా, పిల్లలు సైకిల్ మీద పక్కనుంచి వెళ్లినా మొరుగుతూ ముందుకు దూకుతాడు, నాన్న రెండు చేతులతో పట్టుకున్నా నాలుగడుగులు ఈడ్చుకుపోతాడు. కిందటి వారం వీడి అరుపుకి బెదిరి నాలుగో అంతస్తు బాబు సైకిల్ మీంచి పడ్డాడు, మోకాలు చీరుకుంది. బ్రూనో వాడి దగ్గరికి కూడా వెళ్లలేదు. అయినా ఆ రోజు నుంచి వాట్సాప్ గ్రూపులో మాదే చర్చ. మజిల్ లేకుండా బయటికి తేవద్దని ఒకరు, లిఫ్ట్ వాడొద్దని ఒకరు, శంకర్‌పల్లి వైపు ఎవరిదో ఫామ్‌హౌస్ ఉంది అక్కడ ఇచ్చేయండని ఇంకొకరు. ఆదివారం మీటింగ్ పెట్టారు.

నా ప్రశ్నలు ఇవి. అసోసియేషన్ ఇలా ఒత్తిడి చేయొచ్చా? మజిల్ పెట్టడం కుక్కని హింసించడం కాదా? ఒక ట్రైనర్ రెండు నెలలు తన దగ్గర వదిలితే మొత్తం మార్చి పంపిస్తా అంటున్నాడు, పంపాలా? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే శాంతిస్తాడని కొందరంటున్నారు, నిజమేనా? వాడు ఏమీ చేయడని మా ఇంట్లో అందరికీ తెలుసు, బయటివాళ్లకి ఎలా నచ్చజెప్పాలో అర్థం కావట్లేదు.

ఇద్దరు_పిల్లల_అమ్మ:

కోపం తెచ్చుకోకండి, మీ మీటింగులో అటువైపు కూర్చునే మనిషిగా రాస్తున్నా. "మా కుక్క ఏమీ చేయదు" అన్న మాట వినీ వినీ విసుగొచ్చేసింది. ఏమీ చేయదని మీకు తెలుసు, నా ఆరేళ్ల కూతురికి ఎలా తెలుస్తుంది? మా అపార్ట్‌మెంట్‌లో కూడా ఒక పెద్ద కుక్క ఉంది, దాని మెడలో చిన్న గంట కడతారు. మా పాప స్కూలుకి వెళ్లేటప్పుడు లిఫ్ట్ బటన్ నొక్కి, తలుపుకి చెవి ఆనించి ఆ గంట వినపడుతోందా లేదా అని చూస్తుంది. వినపడితే నా వెనక్కి వచ్చేసి చున్నీ పట్టుకుంటుంది. ఆ కుక్క పాపని ఎప్పుడూ ఏమీ అనలేదు. దాని యజమాని మాత్రం ఎదురుపడ్డ ప్రతిసారీ "భయపడకు పాపా, ఫ్రెండ్లీ" అంటూ ఇంకా దగ్గరికి తెస్తాడు!

మీ పోస్టులో "దగ్గరికి కూడా వెళ్లలేదు" అని రాశారు. వెళ్లనిది వాడి మంచితనం వల్లా, మీ నాన్నగారు పట్టుకోబట్టా? ఆయన చేయి జారితే ఏమయ్యేది? ఇది ఒక్కటి ఆలోచించి మీటింగుకి వెళ్లండి. ముందు ఆ బాబు ఇంటికి వెళ్లి మోకాలు ఎలా ఉందో అడిగారా లేదా? అడగకపోతే మీటింగు దాకా ఆగకండి, ఈరోజే వెళ్లండి. బ్రూనోని తీసుకెళ్లకండి.

రాకీభాయ్_9:

బ్రో ఇంత ఆలోచించేదేముంది. జర్మన్ షెపర్డ్ అంటే లీడర్ ఎవరో తెలియాలి దానికి. మెడకి ముళ్ల కాలర్ వేసి, దూకినప్పుడు ఒక్క గుంజు గుంజు, రెండు తగిలించు, వారంలో లైన్‌లోకి వస్తుంది. మా ఊళ్లో అందరం అలాగే పెంచాం. ఈ ముద్దులు చేసే బ్యాచ్ వల్లే కుక్కలు నెత్తికెక్కుతున్నాయి. ఇప్పుడు వదిలేస్తే తర్వాత కష్టం, మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు.

పశువైద్యం_విజయవాడ:

డాక్టర్‌గా నాకు తెలిసింది రాస్తాను. ముందు వయసు సంగతి. మన దేశంలో 2017లో వచ్చిన డాగ్ బ్రీడింగ్ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. నలభై అయిదు రోజులంటే ఆరు వారాలు దాటి కొద్ది రోజులు, అంతే. ఆ వయసులో తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర ఉంటేనే ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకుంటుంది. ఇది మీ ఒక్కరి సమస్య కాదు, మన దగ్గర ఇలా అమ్మడం మామూలైపోయింది.

రెండోది ఇంకా ముఖ్యం. కుక్కపిల్ల లోకాన్ని చూసి "ఇది మామూలే" అని నమ్మే వయసు దాదాపు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వరకు ఉంటుంది. ఆ తలుపు మూసుకున్నాక కొత్తగా కనిపించే ప్రతిదాన్నీ అనుమానంగా చూడటం మొదలవుతుంది. బ్రూనో ఆ కాలమంతా ఫ్లాట్ లోపలే గడిపాడు. హెల్మెట్ తెలియదు, సైకిల్ తెలియదు, బ్యాగు మోసే మనిషి తెలియదు. ఇంట్లో వాళ్లని, పూజగదిని, మీ అక్క కూతురిని చూశాడు, అందుకే వాళ్ల దగ్గర బంగారం. అమ్మినాయన చెప్పిందాంట్లో సగం నిజం ఉంది. పార్వో అనే వైరస్ జబ్బు మన దగ్గర చాలా పిల్లల్ని తీసుకుపోతుంది, టీకాలు పూర్తికాని పిల్లని వీధికుక్కలు తిరిగే నేల మీద వదలకూడదు. కానీ నేల మీద వదలకపోవడం వేరు, లోకమే చూపించకపోవడం వేరు. మొదటి టీకా వేసి వారం దాటాక పిల్లని చంకలో ఎత్తుకుని గేటు దగ్గర నిలబడొచ్చు, కారులో కూర్చోబెట్టి మార్కెట్ చూపించొచ్చు, టీకాలు వేయించిన కుక్క ఉన్న స్నేహితుల ఇంటికి తీసుకెళ్లొచ్చు. ఇది చదివేవాళ్లలో పిల్లని కొనబోయేవాళ్లుంటే గుర్తుపెట్టుకోండి.

ఇక మీవాడి సంగతి. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే అది కోపం కన్నా భయంలా ఉంది. ఒకసారి వీడియో తీసి గమనించండి: దూకే ముందు ఒంటి బరువు వెనక్కాళ్ల మీద ఉందా, చెవులు వెనక్కి పోయాయా, వీపు మీద జుట్టు లేచిందా, పెదాలు నాక్కుంటున్నాడా, కంటి తెల్లగుడ్డు కనబడేలా పక్కచూపు చూస్తున్నాడా. "దూరం పో" అని అరుస్తాడు, ఎదుటి మనిషి ఎలాగూ తన దారిన తాను వెళ్లిపోతాడు, అరిచాను కాబట్టే పోయాడని వీడు అనుకుంటాడు. రోజుకి పదిసార్లు ఈ పాఠం బలపడుతోంది. పైగా పదకొండు నెలలంటే టీనేజే, పాత భయాలు మళ్లీ పైకి లేచే వయసు. మొరిగే కుక్క కరవదన్న సామెతని మాత్రం నమ్ముకోకండి, భయంతో మొరిగేది తప్పించుకునే దారి లేకపోతే కరుస్తుంది. లిఫ్ట్‌లో దారి ఉండదు.

ఆపరేషన్ మంత్రం కాదు. మగకుక్క ఊరంతా తిరగాలనుకోవడం, ఎక్కడపడితే అక్కడ మూత్రం పోయడం లాంటివి తగ్గొచ్చు, భయం వల్ల వచ్చే దూకుడు తగ్గుతుందన్న హామీ లేదు. పైగా పెద్ద జాతుల్లో ఎముకల ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆగడం మంచిదని చాలామంది వైద్యులు చెబుతారు, మీ డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోండి. వెళ్లినప్పుడు చెవులు, తుంటి కీళ్లు కూడా చూపించండి. జర్మన్ షెపర్డ్‌లలో తుంటి సమస్య ఎక్కువ, నొప్పి ఉన్న కుక్క త్వరగా విసుక్కుంటుంది.

ఒక మాట ఎవరికైనా పనికొస్తుంది: ఎప్పుడైనా పంటి గాటు పడితే, టీకాలు వేయించిన పెంపుడు కుక్కే అయినా సరే, వెంటనే సబ్బుతో కుళాయి నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పసుపు, కారం, సున్నం ఏదీ రాయొద్దు.

కూకట్‌పల్లి_సెక్రటరీ:

మా అసోసియేషన్‌లో ఇలాంటి పంచాయితీలు తీర్చీ తీర్చీ కొంచెం చట్టం వంటబట్టింది, అది చెబుతా. కేంద్రంలోని జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కల్ని అసోసియేషన్ నిషేధించలేదు, లిఫ్ట్ వాడొద్దని అనలేదు, మజిల్ పెట్టి తీరాలని పట్టుబట్టకూడదు. లీష్, అంటే చేత్తో పట్టుకునే తాడు, వేయమని అడగొచ్చు. కాబట్టి ఫామ్‌హౌస్‌కి పంపమనే మాట చెల్లదు.

అయితే అంతటితో సంబరపడకండి. ఆ మార్గదర్శకాల్లోనే యజమాని నిర్లక్ష్యానికి చట్టంలో శిక్ష ఉందని కూడా గుర్తుచేశారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్: మన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకి ప్రమాదం జరగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. కరిస్తేనే కేసు అనుకునేవాళ్లు చాలామంది, ఆ సెక్షన్‌లో కరవాలన్న మాటే లేదు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఏం జరిగిందో ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫుడ్ డెలివరీకి వచ్చిన కుర్రాడి మీదికి పెంపుడు జర్మన్ షెపర్డ్ వస్తే తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు, యజమాని మీద కేసు పెట్టారు. ఆ ఇంటివాళ్లు కూడా అంతకు ముందురోజు దాకా మా కుక్క ఏమీ చేయదనే అనుకుని ఉంటారు. మీ నాన్నగారి చేతిలోంచి లీష్ జారితే మీ ఇంటి పరిస్థితి కూడా అదే.

జాతి సంగతి ఎవరైనా ఎత్తితే: 2024 మార్చిలో కేంద్రం పిట్‌బుల్, రాట్‌వీలర్ లాంటి 23 జాతుల్ని పెంచొద్దని రాష్ట్రాలకి లేఖ రాసింది, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ జాబితాలో జర్మన్ షెపర్డ్ అసలు లేనే లేదు. అలాగని ఈ పాయింటు పట్టుకుని మీటింగులో వాదనకి దిగితే గెలుస్తారు, మర్నాటి నుంచి లిఫ్ట్‌లో ఒక్కరూ మొహం చూడరు.

కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి: రేబీస్ టీకా సర్టిఫికెట్, మున్సిపల్ కార్పొరేషన్ పెంపుడు కుక్క లైసెన్స్. లైసెన్స్ లేకపోతే ఆదివారం లోపు దరఖాస్తు చేయండి. "చట్టం నావైపు ఉంది" అని మొదలుపెట్టకుండా "నేను ఇవి చేస్తున్నాను, ఇంత టైమ్ ఇవ్వండి" అని మొదలుపెడితే సగం మంది చల్లబడతారు, అనుభవంతో చెబుతున్నా.

బోడుప్పల్_డాగ్‌ట్రైనర్:

నేను ఈ పని మీదే బతుకుతున్నా, అయినా చెప్తున్నా: రెండు నెలలు పంపించకండి. అక్కడ మీవాడు ట్రైనర్ మాట వింటాడు, కూర్చోమంటే కూర్చుంటాడు, సెల్యూట్ కూడా కొడతాడు, వీడియో తీసి పంపిస్తారు, మీరు స్టేటస్ పెట్టుకుంటారు. తిరిగొచ్చాక అదే లిఫ్ట్, అదే సెల్లార్, లీష్ పట్టుకునేది అదే నాన్నగారు. నేర్చుకోవాల్సిన మనిషి నేర్చుకోనే లేదు కదా! పైగా అక్కడ ఏం చేస్తున్నారో మీకు కనబడదు. "మధ్యలో చూడటానికి రావద్దు, డిస్టర్బ్ అవుతుంది" అనే ట్రైనర్‌కి కుక్కని అప్పగించొద్దు. ఇంటికొచ్చి మీ చేత, మీ నాన్నగారి చేత చేయించేవాళ్లని చూసుకోండి.

రాకీభాయ్, తమ్ముడూ, ఈ లీడర్ కథ ఎక్కడిదో తెలుసా? బోనులో ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లని కలిపి పెడితే అవి కొట్టుకోవడం చూసి 1947లో షెంకెల్ అనే ఆయన రాసిన దాంట్లోంచి వచ్చింది. తర్వాత డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్త దాన్ని బాగా ప్రచారం చేశాడు, అడవిలో తోడేళ్లని ఏళ్ల తరబడి గమనించాక 1999లో ఆయనే ఆ లెక్క తప్పని రాశాడు, అక్కడ గుంపంటే అమ్మా నాన్నా పిల్లలూ. సరే అదంతా పక్కన పెట్టు. సైకిల్ చూసి భయపడే కుక్కని సైకిల్ కనబడ్డప్పుడే ముళ్ల కాలర్‌తో గుంజితే దానికి ఏం అర్థమవుతుంది? సైకిల్ వస్తే మెడ నొప్పి పుడుతుందని. ఇంకా ఎక్కువ అసహ్యించుకుంటుంది. కొట్టగా కొట్టగా కొన్ని మొరగడం మానేస్తాయి, అప్పుడు ఇంకా ప్రమాదం, ముందస్తు హెచ్చరిక లేకుండా నేరుగా కరుస్తాయి. గుర్రుమంటే తిట్టకండి, గుర్రుమంది కాబట్టి మీకు తెలిసింది. ఇంక మానై వంగదన్న మాట కుక్కలకి వర్తించదు, తొమ్మిదేళ్ల ల్యాబ్రడార్ కూడా నేర్చుకుంటుంది, కాకపోతే ఎక్కువ రోజులు పడుతుంది.

బ్రూనో గారూ, ఈరోజు నుంచే మారాల్సినవి ముందు. నాన్నగారు ఒక్కరే తీసుకెళ్లడం ఆపండి. 36 కిలోల కుక్క ఒక్కసారి ఉరికితే అరవై నాలుగేళ్ల మనిషి తుంటి విరుగుతుంది. మెడ గొలుసు తీసేసి, ఛాతీ మీద ముందువైపు రింగు ఉండే బాడీ హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) కొనండి, అయిదడుగుల మామూలు నైలాన్ లీష్ చాలు. సాగే లీష్ పెద్ద కుక్కకి అసలు వాడొద్దు. ఒక లీష్ హార్నెస్‌కి, ఇంకో లీష్ కాలర్‌కి, రెండూ ఉంటే ఒకటి తెగినా ఇంకొకటి ఉంటుంది. లీష్ మణికట్టుకి చుట్టుకోవద్దు, పడితే చెయ్యి పోతుంది.

డెలివరీ వాళ్లని తలుపు దాకా రానివ్వకండి, వాచ్‌మన్ దగ్గర పెట్టించండి. ఎవరైనా రావాల్సివస్తే ముందుగా బ్రూనోని లోపలి గదిలో పెట్టి గడియ వేశాకే మెయిన్ డోర్ తీయాలి, వరస మారొద్దు. తలుపు తీసి, కుక్కని కాళ్ల మధ్య అదిమిపట్టి, "రండి రండి ఏమీ చేయడు" అనే సీన్ ప్రతి ఇంట్లో చూస్తుంటా.

లిఫ్ట్ ఖాళీగా ఉంటేనే ఎక్కండి. తలుపు తెరుచుకుని లోపల ఎవరైనా ఉంటే "మీరు వెళ్లండి" అని రెండడుగులు వెనక్కి వేయండి. ఎక్కాక వాడు మూలలో, మీరు వాడికీ తలుపుకీ మధ్యలో. మధ్య అంతస్తులో ఎవరైనా ఎక్కబోతే "కుక్క ఉంది, తర్వాత పంపిస్తా" అని చెప్పండి. కీళ్లు బాగున్నాయని డాక్టర్ చెప్తే మెట్లే మేలు.

ఇప్పుడు అసలు పని. సోషలైజేషన్, అంటే కుక్కకి లోకాన్ని అలవాటు చేయడం, అనగానే దారినపోయే ప్రతివాడి చేతా నిమిరించడం అనుకుంటారు, కొండాపూర్ డాగ్ పార్కుకి తీసుకెళ్లి వదిలేస్తే అన్నీ నేర్చుకుంటుందనుకుంటారు. భయపడే కుక్కని అలా వదిలితే ఈత రానివాణ్ని బావిలో తోసినట్టే. మీకు కావాల్సింది సైకిల్ చూసి కూడా పట్టించుకోని కుక్క. సాయంత్రం పిల్లలు ఆడుకునే చోటికి బాగా దూరంగా, ముప్ఫై నలభై అడుగుల అవతల నిలబడండి. జేబులో ఉడికించిన చికెన్ ముక్కలు, గోరంత గోరంత. సైకిల్ వచ్చింది, వీడి చెవులు లేచాయి, ఇంకా మొరగలేదు, ఆ క్షణంలోనే "యస్" అని ఒక ముక్క. మళ్లీ చూశాడు, మళ్లీ ముక్క. కొన్నాళ్లకి సైకిల్ కనబడగానే మీ మొహం వైపు తిరుగుతాడు, "ఏదీ నా ముక్క" అన్నట్టు. అది వచ్చాక రెండు మూడు అడుగులు ముందుకి, అంతకన్నా తొందర వద్దు. ముక్క ఇచ్చినా తినట్లేదంటే మరీ దగ్గరగా ఉన్నారని గుర్తు, వెనక్కి నడవండి. రోజుకి రెండుసార్లు, పది నిమిషాలు మించొద్దు. హెల్మెట్ సంగతి ఇంకా తేలిక, ఇంట్లోనే నేల మీద పెట్టి దాని చుట్టూ తిండి జల్లండి, తర్వాత చేతిలో పట్టుకోండి, చివరికి మీరు పెట్టుకోండి.

మజిల్ హింస కాదు, సరైనదైతే. గుడ్డతో మూతిని బిగించేది కొనొద్దు, కుక్కకి ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పితేనే ఒళ్లు చల్లబడుతుంది, మన ఎండలకి ఆ గుడ్డ మజిల్‌తో నడిపిస్తే వడదెబ్బే. బుట్టలా ఉండేది కావాలి, లోపల నోరు పూర్తిగా తెరవగలగాలి, నీళ్లు తాగగలగాలి. ఎద్దులకి చిక్కం కట్టినట్టు ఒక్కసారి కట్టేసి తీసుకెళ్లొద్దు. బుట్ట అడుగున పెరుగు రాసి పట్టుకోండి, వాడే మూతి పెట్టి నాకుతాడు, తీసేస్తాడు. కొన్ని రోజులు ఇదే ఆట. తర్వాత ఒక్క సెకను బకిల్ పెట్టి తీయడం, తర్వాత అయిదు సెకన్లు. చట్టం అడగకపోయినా నేనైతే లిఫ్ట్ కోసం నేర్పిస్తాను.

హానోవర్_తెలుగు:

ఇక్కడ జర్మనీలో మా రాష్ట్రం నీడర్‌జాక్సెన్‌లో ఎలా ఉంటుందో చెప్తే మీకు నవ్వొస్తుంది. మొదటిసారి కుక్కని తెచ్చుకోవాలంటే ముందు మనం రాతపరీక్ష పాసవ్వాలి, తెచ్చుకున్న మొదటి ఏడాదిలో కుక్కతో బయట తిరిగి చూపించే ప్రాక్టికల్ ఇంకొకటి. 2013 నుంచి ఇదే రూలు, చివావా అయినా షెపర్డ్ అయినా ఒకటే. జనం దీన్ని కుక్క డ్రైవింగ్ లైసెన్స్ అంటారు. కుక్క ఒంట్లో గుర్తింపు చిప్ ఉండాలి, కుక్క ఎవరికైనా నష్టం చేస్తే కట్టడానికి బీమా తప్పనిసరి, పైగా ఊరికి కుక్క పన్ను. మా ఇంటి కింద ట్రామ్‌లో షెపర్డ్‌లు సీటు కింద పడుకుని వెళ్తుంటాయి, ఎవరూ తలెత్తి చూడరు. ఇక్కడి కుక్కలేం పుట్టుకతో బుద్ధిమంతులు కాదు, పరీక్ష రాసింది యజమాని.

మియాపూర్_బ్రూనో:

అందరికీ థాంక్స్, కొన్ని మాటలు ఘాటుగా ఉన్నా. ఆ బాబు వాళ్లింటికి నిన్న రాత్రి వెళ్లొచ్చాను, వాళ్లమ్మ ముందు తలుపు సగమే తీశారు, తర్వాత టీ ఇచ్చారు. ఒకటే చిక్కు. నాన్న ఒప్పుకోవట్లేదు. "నేను పెంచిన కుక్కని నేను నడిపించలేనా" అంటున్నారు. ఆయనకి రిటైరయ్యాక ఉన్న కాలక్షేపమే ఇది, బ్రూనోని తీసుకుని వెళ్తే నలుగురు పలకరిస్తారు. పొద్దున ఆరింటికి నేను తీసుకెళ్లగలను, సాయంత్రం ఎవరు? పైగా నాన్న చేతి నుంచి లీష్ తీసుకుంటే ఆయన నిజంగా బాధపడతారు, చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇద్దరు_పిల్లల_అమ్మ:

ఆ ఇంటికి వెళ్లినందుకు సంతోషం. ఇంకో చిన్న పని చేయండి, బ్రూనో ఏ టైముకి కిందికి దిగుతాడో గ్రూపులో పెట్టండి, పొద్దున ఇంతకి, రాత్రి ఇంతకి అని. మా దగ్గర ఒకాయన అలా పెట్టాడు, పిల్లల్ని అయిదు నిమిషాలు అటూ ఇటూ చేసుకోవడం మాకేం కష్టం కాదు. తెలియకుండా ఎదురుపడటమే భయం.

బోడుప్పల్_డాగ్‌ట్రైనర్:

నాన్నగారిని తప్పించమని అనలేదండీ, ఒక్కరినే పంపొద్దన్నాను. సాయంత్రం ఆయన పని మార్చండి. మేడ మీద గోడ ఎత్తుగా ఉంటే అక్కడికి తీసుకెళ్లి తిండి గింజల్ని మూలమూలలా దాచి వెతికించమనండి, ముక్కుతో పదిహేను నిమిషాలు వెతికితే బాగా అలిసిపోతాడు. మేడకి కూడా ఖాళీ లిఫ్ట్, లేదా మెట్లు, పక్కన ఇంకొకరు ఉండాలి. మజిల్ ఆట కూడా ఆయనకే ఇవ్వండి, పెరుగు గిన్నె పట్టుకుని ఓపిగ్గా కూర్చునేది ఇంట్లో ఆయనే అయ్యుంటారు. పొద్దున మీతో పాటు రమ్మనండి, లీష్ మీ చేతిలో, చికెన్ డబ్బా ఆయన చేతిలో. వేసవిలో ఏడు లోపే ముగించండి, ఆ తర్వాత తారు కాలుతుంది, అరచేతి వెనకవైపు రోడ్డు మీద ఆనించి మీరు ఆరేడు సెకన్లు ఉంచలేకపోతే వాడి పాదాలూ ఆగవు.

కూకట్‌పల్లి_సెక్రటరీ:

మీటింగుకి మీ నాన్నగారిని కూడా తీసుకెళ్లండి, ఆయనే చదివి వినిపిస్తే బాగుంటుంది. కాగితం మీద నాలుగు ముక్కలు చాలు: దిగే టైములు, ఖాళీ లిఫ్ట్, హార్నెస్, ట్రైనర్ వస్తున్నాడన్న సంగతి. మూడు నెలలు అడగండి, రెండిస్తారు.

మియాపూర్_బ్రూనో:

నాన్నకి పెరుగు సంగతి చెబితే "అదెంత పని" అన్నారు. సరే, బుట్ట మజిల్ ఆన్‌లైన్‌లో చూస్తుంటే అయిదారు సైజులున్నాయి, ఏది తీసుకోవాలి?

బోడుప్పల్_డాగ్‌ట్రైనర్:

బరువు చూసి కొనొద్దు. రెండు కొలతలు కావాలి: కళ్ల కింద నుంచి ముక్కు కొస దాకా పొడవు, కళ్లకి ఒక అంగుళం కింద మూతి చుట్టుకొలత. చుట్టుకొలత మాత్రం నోరు తెరిచి రొప్పుతున్నప్పుడు తీయాలి, నోరు మూసి ఉన్నప్పుడు కొలిస్తే చిన్నది వస్తుంది. ఆ రెండూ ఇక్కడ రాయండి, సైజు చెప్తా. కొలిచే ముందు టేపుని నేల మీద పెట్టి వాసన చూడనివ్వండి, ఒక్కసారిగా మూతికి చుట్టొద్దు.